పిల్లిమొగ్గల సారు కూర బాకీ

విల్సన్‌కి తలకిందులుగా చేతుల మీద హాలు చుట్టూ నడవడం వచ్చు గానీ, నేల మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడి ఒక మనిషిని డబ్బులడగడం రాదు. ఈ రెండో విద్య లేకపోతే మొదటి విద్య కూడు పెట్టదని అతని భార్య సుచిత్రకి పెళ్ళయిన మూడో నెలలోనే తెలిసిపోయింది. అతనికి మాత్రం ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా తెలియలేదు. మొహమాటం జలుబులాంటిది. ఉన్నవాడికి మందు దొరకదు, పక్కనున్నవాడికి చిరాకు తప్పదు.

అవనిగడ్డ దగ్గర పల్లెలో పుట్టి, యూనివర్సిటీ జిమ్నాస్టిక్స్ టీములో రెండు పతకాలు తెచ్చుకుని, బందరులో కాపురం పెట్టాడు. పొద్దున ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు చెప్తాడు. సాయంత్రం ఐదింటికి రేవు పక్కనున్న తుఫాను షెల్టర్లో పాత పరుపులు పరిచి పన్నెండుమంది పిల్లలకి జిమ్నాస్టిక్స్ నేర్పుతాడు. అందరూ బోట్లవాళ్ళ పిల్లలే. ఊగే బోటు అంచు మీద పరుగెత్తి పెరిగిన పిల్లలకి బీమ్ అనే సన్న దూలం మీద నడవడం ఒక లెక్కా? రేవులో అతన్ని అందరూ పిల్లిమొగ్గల సారంటారు. నెలకి పిల్లకి ఐదొందలిస్తారు, అదీ వేట బాగుంటే.

నెల జీతం సంగతి ఎలాగో గడుస్తుంది. అసలు తంటా పోటీల రోజుది. ఆ రోజు కోచ్‌కి డబ్బు ఎవరివ్వాలో ఎక్కడా రాసి లేదు. జడ్జీలకిస్తాం, కోచ్‌లు పిల్లలతో వచ్చినవాళ్ళు కదా, పిల్లలవాళ్ళే చూసుకుంటారు అని పోటీ పెట్టినవాళ్ళు అనుకుంటారు. అంత పెద్ద పోటీ పెట్టినవాళ్ళు సారుకివ్వకుండా ఉంటారా అని పిల్లలవాళ్ళు అనుకుంటారు. ఇలా ఇద్దరూ ఒకరి మర్యాద మీద ఒకరు నమ్మకం పెట్టుకుని హాయిగా ఉంటే, మధ్యలో విల్సన్ తెల్లవారుజామున లేచి, బస్సు టిక్కెట్టు నుంచి ఏడ్చిన పిల్లకి బాదంపాల దాకా సొంత జేబులోంచి పెట్టుకుని, సాయంత్రానికి గొంతు పోయి ఇల్లు చేరతాడు. మర్నాడు రేవులో సన్మానం చేసి శాలువా కప్పుతారు. ఇప్పటికి మూడు పోటీలు, మూడు శాలువాలు. ఒకటి సుచిత్ర కుట్టుమిషను మీద ఉంది, ఒకటి కిటికీకి వేలాడుతోంది, మూడోది ఫ్రిజ్ నెత్తిన కూర్చుంది.

నాలుగో పోటీ గుడివాడలో, ఆదివారం. ఈసారి సుచిత్ర గొడవ పడలేదు, షరతు పెట్టింది. ఆమె తమ్ముడు హరిబాబు బంటుమిల్లిలో రొయ్యల మేత డిపోలో పనిచేస్తాడు. అక్కడ సూపర్‌వైజరు ఖాళీ ఉంది. నెలకి పధ్నాలుగు వేలు. సోమవారం చేరాలి. పొద్దున వెళ్తే రాత్రికే రావడం, అంటే షెల్టరుకి తాళమే.

"మూడు వేలు చేత్తో పట్టుకొస్తే క్లాసు మీ ఇష్టం, ఇంకెప్పుడూ నోరెత్తను" అంది సుచిత్ర. "నాలుగో శాలువాతో వస్తే మాత్రం సోమవారం ఎనిమిదింటికి మా తమ్ముడి బండెక్కాలి."

విల్సన్ ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం అతనికి బాగా వచ్చిన పనే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ షెల్టర్లో, ఆ చిరుగుల పరుపుల మధ్య తప్ప తను ఎవరికీ ఎందుకూ పనికిరాడని అతని నమ్మకం. మేత బస్తాలు లెక్కపెట్టే విల్సన్ని తలుచుకుంటే గుండె జారిపోయింది.

బుధవారం తల్లిదండ్రులు షెల్టర్లో కూర్చున్నారు. నోటితో అడగలేడు కనక విల్సన్ కాగితం మీద రాసుకొచ్చాడు. పోటీ రోజు కోచ్ ఫీజు మూడు వేలు, పిల్లకి రెండొందల యాభై. అది బంగార్రాజు చేతిలో పెట్టి తను సీలింగు వైపు చూస్తూ నిలబడ్డాడు. బంగార్రాజుకి రెండు బోట్లు, ఒక వ్యాను. పిల్లలందరిలోకీ గట్టిదైన నాగమల్లేశ్వరి ఆయన కూతురే. కాబట్టి అక్కడ ఆయన మాటే చెల్లుతుంది. ఆయన కాగితం రెండుసార్లు చదివి భార్య సత్యవతికిచ్చాడు. సత్యవతి మార్కెట్లో చేపల వ్యాపారం చేస్తుంది, లెక్కలో ఆమెని దాటి పోయినవాడు లేడు. కాగితం చదవగానే ఆమె మొహం చిన్నబోయింది.

"మా వల్ల ఏం తప్పు జరిగింది సారూ?" అంది.

విల్సన్‌కి అర్థం కాలేదు. బంగార్రాజు నిదానంగా చెప్పుకొచ్చాడు. రోజుకింత అని లెక్కగట్టి ఇచ్చేది కూలి. కూలి ఎవరికిస్తారు? ఐసు దింపేవాడికి, బుట్ట మోసేవాడికి, రేపు కనపడతాడో లేదో తెలియని పరాయివాడికి. బోటెక్కి తమతో పాటు సముద్రం మీదకొచ్చినవాడికి కూలివ్వడం రేవులో ఎవడూ చెయ్యడు. వాడికి వాటా ఇస్తారు. చేప పడితే అందరికీ పడ్డట్టు, పడకపోతే అందరికీ పడనట్టు. పిల్లల్ని చేతుల్లో పెట్టిన మనిషికి కూలి లెక్కకట్టి ఇచ్చారని తెలిస్తే రేపు రేవులో తలెత్తుకోగలరా?

"ఇన్నాళ్ళూ తమర్ని చుట్టంలా చూశాం. అది మా పొరపాటే" అన్నాడు బంగార్రాజు. "ఈ ఆదివారం నుంచి మీరు మా బోటు మనిషి. సరంగుకి ఎంతో మీకూ అంతే. రెండు వాటాలు."

బోటు నడిపే సరంగుతో సమానం చెయ్యడమంటే రేవులో అంతకు మించిన గౌరవం లేదు. అందరూ తలూపారు. అక్కడికక్కడే పతకాలకి రేటు కట్టారు. రొయ్యకి కౌంటును బట్టి, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో చూసి రేటున్నట్టే బంగారానికి వెయ్యి, వెండికి ఆరొందలు, కంచుకి మూడొందలు. ఎవరి పిల్లకి పతకమొస్తే ఆ ఇంటివాళ్ళు ఆ సొమ్ము పడిన సరుకు కింద జమ కట్టాలి. దేంట్లో వాటా, ఎంత వాటా అని విల్సన్ అప్పుడే అడగాల్సింది. ఆ ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది కూడా. సత్యవతి మొహంలో అంత ఆపేక్ష చూశాక అది వెనక్కి వెళ్ళి పడుకుంది. అతను "సరేనండి" అన్నాడు.

ఇంటికొస్తూ దారంతా, ఆ సొమ్మంతా తనకేనన్నట్టు, పతకాలు కూడుకుంటూనే వచ్చాడు. సుచిత్ర అంతా విని, "పతకాన్ని ముక్కలు కోసి ఇస్తారా ఏంటి?" అని మాత్రం అడిగింది.

ఆదివారం తెల్లారేసరికి బంగార్రాజు వ్యాను పెడన దాటింది. పన్నెండుమంది పిల్లలు, పదిమంది పెద్దలు, పులిహోర గిన్నె, సత్యవతి ఐసు పెట్టె. ఐసు పెట్టె ఎందుకని ఎవరో అడిగితే, అది లేకుండా ఊరు దాటితే చీర కట్టుకోకుండా బయల్దేరినట్టుంటుందని ఆమె చెప్పింది.

గుడివాడ హాల్లో అడుగు పెట్టాక విల్సన్ కళ్ళకి ఒక జబ్బు పట్టుకుంది. రోజూ పిల్లల మోకాళ్ళు, భుజాలు, మునివేళ్ళు చూసే కళ్ళకి ఆవేళ రేట్లు కనిపించడం మొదలైంది. జ్యోతిర్మయి కార్ట్‌వీల్ తిప్పుతుంటే మూడొందలు గిరగిర తిరుగుతున్నట్టుంది. ధనుష్ ఫ్లోర్ మీద చివరి అడుగు తడబడితే, ఆరొందలు మూడొందలైపోయాయి. అన్నిటికంటే ఘోరం, వేరే ఊరి పిల్లొకతె బీమ్ మీంచి జారిపడితే అతని ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం సిగ్గుతో చచ్చిపోయాడు. ఆదివారం పూట చర్చి మానేసి, పరాయి పిల్ల పడిందని సంతోషించే స్థితికి వచ్చానే ప్రభువా అని మనసులో చెంపలేసుకున్నాడు. చెంపలేసుకుంటూనే, మనకి కంచు ఖాయమని కూడా లెక్క వేసుకున్నాడు.

గ్యాలరీలో పెద్దలు ఇంకో రకం. పతకం ప్రకటించినప్పుడల్లా చప్పట్లు కొట్టడం మానేసి, వేలం పాటలో లాగా మొత్తం ఎంతైందో గట్టిగా చెప్పుకుంటున్నారు. పక్క ఊరి కోచ్ ఒకాయన, అదేమిటండీ మీవాళ్ళు అని అడిగితే, విల్సన్ స్కోరు లెక్క అని చెప్పి తప్పించుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి రెండు వెండి, మూడు కంచు. ఇరవై ఒక్క వంద. ఇక మిగిలింది నాగమల్లేశ్వరి వాల్ట్. పదకొండేళ్ళ పిల్ల. పరుగెత్తుకొచ్చి, చేతులు బల్లకి తాకించి, గాల్లో తిరిగి రెండు పాదాల మీద దిగిందంటే, కదలమన్నా కదలదు. దానికి బంగారమని హాల్లో అందరికీ తెలుసు. మూడువేల వంద అవుతుంది. సుచిత్ర అడిగింది మూడు వేలు. పైన వందతో స్వీటు కొనుక్కెళ్ళాలని విల్సన్ అప్పుడే నిశ్చయించుకున్నాడు.

వార్మప్‌లో ఆ పిల్ల కుడి చెయ్యి నేలకి ఆనించకపోవడం అతను అప్పుడు గమనించాడు. దగ్గరికి పిలిచి చెయ్యి చూపించమన్నాడు. వెనక్కి దాచింది. లాగి చూస్తే మణికట్టు బూరెలా పొంగి ఉంది. పొద్దున బీమ్ మీంచి జారినప్పుడు మడతపడిందట. ఎందుకు చెప్పలేదని అడిగితే తల దించుకుంది.

"చెప్తే దిగనివ్వరుగా సార్. నేను దిగకపోతే మీకు వెయ్యి పోద్ది. మీరు బంటుమిల్లి ఎల్లిపోతారంటగా" అంది.

హరిబాబు రేవులో టీ తాగుతూ చెప్పిన మాట పిల్లల దాకా వచ్చిందన్నమాట. విల్సన్‌కి మొహం మీద ఎవరో చన్నీళ్ళు కొట్టినట్టయింది. నిజం దాచడమెందుకు, ఒక్క క్షణం అతనికి ఆ వెయ్యి కనిపించింది. బ్యాండేజీ గట్టిగా కడితే ఒక్క దూకే కదా అని కూడా అనిపించింది. ఆ అనిపించడం చూసి అతనికి తన మీదే అసహ్యం వేసింది. ఇంకో క్షణం ఆగితే మళ్ళీ ఏం అనిపిస్తుందో అని భయపడి, పరుగులాంటి నడకతో జడ్జీల బల్ల దగ్గరికి వెళ్ళి ఆ పిల్ల పేరు కొట్టించేశాడు. బల్ల దగ్గరాయన, బంగారమొచ్చే పిల్లని తీసేస్తారేంటండీ అని రెండుసార్లు అడిగాడు. విల్సన్ రెండుసార్లూ తీసేయమనే చెప్పాడు.

నాగమల్లేశ్వరి ఏడ్చింది. సత్యవతి ఐసు పెట్టె ఎందుకు తెచ్చిందో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. బంగార్రాజు గ్యాలరీ దిగివచ్చి కూతురి చెయ్యి చూశాడు, విల్సన్ మొహం చూశాడు, వెళ్ళి వ్యాను స్టార్టు చేశాడు.

బోటు రేవు చేరాక ఇల్లు తొక్కేలోపే లెక్క తేలాలని వాళ్ళ పద్ధతి. అందుకని పెడనలో టీ కొట్టు దగ్గర వ్యానాపారు. సత్యవతి లెక్క చదివింది. పడిన సరుకు ఇరవై ఒక్క వంద. అందులో ముందు ఖర్చు తియ్యాలి. డీజిలు ఏడొందలు, ఎంట్రీ ఫీజు ఆరొందలు, టిఫిన్లు రెండొందలు, మొత్తం పదిహేనొందలు. మిగిలింది ఆరొందలు. ఆనవాయితీ ప్రకారం సగం బోటుకి, అంటే ఇక్కడ వ్యానుకి. మిగతా మూడొందలు పధ్నాలుగు వాటాలు. పన్నెండుమంది పిల్లలకి తలా ఒకటి, సారుకి రెండు. వాటా రమారమి ఇరవై ఒకటిన్నర.

ఆమె లేచి, పైట సర్దుకుని, రెండు చేతులతో విల్సన్‌కి నలభై మూడు రూపాయలందించింది. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలు తమ వాటాలతో ఐసు ఫ్రూటు కొనుక్కోవడానికి పరుగెత్తారు.

విల్సన్ ఆ నలభై మూడు వైపు చూస్తూ నిలబడ్డాడు. మల్లేశ్వరి దూకి బంగారం తెచ్చినా తన వాటా నూట పధ్నాలుగే అయ్యుండేదని మనసులో తేలింది. అంటే తను పాపభీతితో చెమటలు పట్టి వదులుకున్నది డెబ్బై ఒక్క రూపాయి. నవ్వు రావాల్సింది, కానీ ఆ పిల్ల వాచిన చెయ్యి గుర్తొచ్చి ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతను నలుగురి ముందు నోరు తెరిచాడు.

"చేపకి రేటు కట్టండి బంగార్రాజు గారూ. పిల్లకి కట్టకండి. చేపకి నొప్పి తెలిస్తే తెలుస్తుందేమో గానీ, నాకోసం అది వల్లో పడదు. మీ అమ్మాయి పడబోయింది. పొద్దుట్నుంచి నేను కూడా వాళ్ళని పిల్లల్లా చూళ్ళేదండి, రేట్లలా చూశాను. నాకీ వాటా వద్దు. రేపట్నుంచి బంటుమిల్లిలో పనికెళ్తున్నాను."

అంత గంభీరంగా మాట్లాడినవాడు ఆ నలభై మూడూ తిరిగిచ్చేస్తే బాగుండేది. కానీ సత్యవతి అలాగే చూస్తోంది. మొహమాటపడి జేబులో పెట్టేసుకున్నాడు.

ఇంటికెళ్ళి ఆ డబ్బులు సుచిత్ర చేతిలో పెట్టి, జరిగింది చెప్పి, తల వంచుకు కూర్చున్నాడు. ఆమె తిట్టలేదు. పిల్ల పేరు కొట్టించిన సంగతి దగ్గర మాత్రం ఆమె చెయ్యి వచ్చి అతని వీపు మీద పడింది. తర్వాత లేచి, మర్నాటికి అతని చొక్కా ఇస్త్రీ చేసింది.

సోమవారం ఏడింటికి వీధిలో ఆటో ఆగింది. తలుపు తీసిన సుచిత్రకి ముందు చేపల వాసన తగిలింది, తర్వాత సత్యవతి కనిపించింది. వెనక చేతికి కట్టు కట్టుకున్న నాగమల్లేశ్వరి, దాని వెనక ఐదారుగురు ఆడవాళ్ళు, ఒక్కొక్కరి నెత్తిన ఒక్కో బేసిను. చందువలు, కానాగంతలు, వంజరాలు, రొయ్యలు, తాళ్ళు కట్టిన పీతలు. గుమ్మం నిండిపోయి మెట్ల మీదకి, మెట్లు నిండి వీధిలోకి వచ్చింది సరుకు. పక్కింటి పిల్లి వచ్చి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూర్చుండిపోయింది.

విల్సన్ ఇస్త్రీ చొక్కాలో బయటికొచ్చి, ఇదేంటండీ అన్నాడు.

"కూర" అంది సత్యవతి. "రాత్రి మావాళ్ళంతా కూర్చున్నారు. పతకానికి రేటు తీసేశారు. అది మా బుద్ధితక్కువ, మా మల్లి చెయ్యి చూశాక మా ఆయన అన్నం తిన్లేదు. వాటా వద్దన్నారు, సరే, వద్దు. కానీ బోటెక్కినోడు చేప పడినా పడకపోయినా ఇంటికి కూరకింత చేప లేకుండా పోకూడదు సారూ. అది లెక్కలో రాదు, ఖర్చులో పోదు. తమరు మా బోటు మనిషని మొన్న ఒప్పుకున్నాక తెలిసింది, మొత్తం నాలుగు పోటీలకి తమకి కూర బాకీ. పన్నెండిళ్ళు. నలభై ఎనిమిది కూరలు."

విల్సన్‌కి కళ్ళు చెమర్చాయి. "సరేనండి" అన్నాడు. నలభై ఎనిమిది కూరలు ఆ రెండు గదుల ఇంట్లో, శాలువా కప్పుకున్న ఆ చిన్న ఫ్రిజ్‌లో ఎక్కడ పడతాయన్న ఆలోచన అతనికి రాలేదు. సుచిత్రకి వచ్చింది. ఆమె లోపలికెళ్ళి, ఫ్రిజ్ మీది శాలువా లాగి నడుముకి బిగించి కట్టుకుని, వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"వదినగారూ" అంది సత్యవతితో, "ఇవి మావేనా? ఇంక మా ఇష్టమేనా?"

మీవేనంది సత్యవతి.

"అయితే వేలం పాట మొదలెడుతున్నా. ఈ చందువల బేసిను ఎంతకి పాడతారు?"

సత్యవతి తెల్లబోయింది. తను తెచ్చిచ్చిన చేపకి తననే పాడమనడం ఆమె ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో చూడలేదు. కానీ పాట అన్న మాట చెవిన పడితే నోరు ఊరుకోదు కదా, ఆరొందలంది. సుచిత్ర నవ్వి, మొన్న మార్కెట్లో మీరే కిలో ఎంత చెప్పారో గుర్తుందా అంది. అక్కణ్ణుంచి ఇద్దరూ ఒకరికొకరు సరిపోయారు. వీధిలో వాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చారు. ఎదురింటి టీచరుగారు పీతలు పాడారు. సరిగ్గా ఎనిమిదింటికి బావగారిని తీసుకెళ్ళడానికి బండి మీద వచ్చిన హరిబాబు, ఏం జరుగుతోందో తెలిసేలోపే అర కిలో రొయ్యలకి రెండొందలిచ్చేసి, సంచితో నిలబడ్డాడు. అక్కా, బావ రాడా అంటే, రాడని ఇక్కణ్ణుంచే చెప్పెయ్యి, మీ డిపోలో బస్తాలు ఎవరైనా లెక్కపెట్టగలరు అంది సుచిత్ర, అతని వైపు చూడకుండానే వంజరం తూకం చూసుకుంటూ.

తొమ్మిదింటికి బేసిన్లు ఖాళీ అయ్యాయి. ఆరువేల రెండొందలు వచ్చింది. నాలుగు పోటీలకీ పంచితే రోజుకి పదిహేనొందల పైనే. అడిగినదాంట్లో సగమే, కానీ శాలువాల మీద ఇది ఎంతో నయం. సుచిత్ర నోట్లు మడిచి, సత్యవతికి మంచినీళ్ళిచ్చి, ఈసారి నుంచి కూర ఇంటిదాకా మొయ్యొద్దని, రేవులోనే అమ్మేసి ఆ డబ్బు తన ఫోన్‌కి కొట్టమని చెప్పింది.

సత్యవతి గ్లాసు కింద పెట్టింది. "అది కూలి కాదుగా?"

"ఛ, కూలేంటి వదినా. కూరే."

"అయితే సరే" అంది సత్యవతి, మనసు తేలికపడి.

విల్సన్ అదంతా చూస్తూ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తను నాలుగేళ్ళుగా మింగిన మాటని ఆవిడ ఎంత సులువుగా అనేసిందో అని ఆశ్చర్యం. నాగమల్లేశ్వరి వచ్చి, ఎడం చేత్తో ఒంటి చేతి కార్ట్‌వీల్ నేర్పుతారా సార్ అని అడిగింది. ముందు ఆ కట్టు విప్పాక చూద్దామని, అప్పటిదాకా రోజూ ఐదింటికి వచ్చి కూర్చుని చూడమని చెప్పాడు.

ఆవేళ మధ్యాహ్నం విల్సన్ చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. ఉత్సాహంలో సుచిత్ర ఇంటికని ఒక్క చేప కూడా ఉంచలేదు. నలభై ఎనిమిది కూరలొచ్చిన ఇంట్లో దోసకాయ పప్పు వండింది. అతను రెండోసారి కూడా వేయించుకున్నాడు.